హెల్మెట్ మీద తెల్ల టేపు

నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది నాలాగే స్కూళ్లలో ఆటలు నేర్పేవాళ్లు, పీఈటీలు, పీడీలు. గ్రౌండ్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకని మాటలు పెంచకుండా నేరుగా ఒక గ్రౌండ్ దగ్గరికి తీసుకెళ్తాను.

కిందటేడు అక్టోబరు. జర్మనీలో ఒక అమెరికన్ సైనిక స్థావరం. సాయంత్రం ఐదు కావస్తోంది. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రాక్టీసు. ముప్పై మందికి దగ్గరగా హైస్కూల్ కుర్రాళ్లు, భుజాలకు ప్యాడ్లు, తలలకు హెల్మెట్లు పెట్టుకుని ఒకరి మీదికి ఒకరు ఉరుకుతున్నారు. కోచ్ కేకలు, విజిళ్లు, ప్యాడ్‌కి ప్యాడ్ కొట్టుకునే చప్పుడు. ఉన్నట్టుండి స్తంభాల మీది లౌడ్‌స్పీకర్లలోంచి బ్యూగుల్ మోగింది. పరిగెడుతున్నవాడు పరిగెడుతున్నచోటే ఆగిపోయాడు. హెల్మెట్లన్నీ తలల మీంచి దిగి చంకల్లోకి వచ్చాయి. మొహాలన్నీ జెండా ఉన్న వైపు తిరిగాయి. పక్క రోడ్డు మీద కార్లు కూడా ఆగాయి. దాన్ని 'రిట్రీట్' అంటారు, సాయంత్రం జెండా దించే వేళ. బ్యూగుల్ అయిపోయాక కూడా ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత కోచ్ విజిల్ వేశాడు. మళ్లీ అదే చప్పుడు మొదలైంది.

ఆ ఆగిన కాసేపట్లో నా కళ్లు వాళ్ల చంకల్లోని హెల్మెట్ల మీద పడ్డాయి. ప్రతి హెల్మెట్‌కీ ముందు, నుదురు వచ్చేచోట, తెల్ల టేపు ముక్క ఒకటి అంటించి ఉంది. దాని మీద మార్కర్‌తో పేరు. సీజన్ మొదట్లో అయితే సరే, ప్లేఆఫ్స్ ఇంకో వారంలో ఉన్నాయనగా ఇంకా పేర్ల చీటీలు ఎందుకురా అని మా మనవణ్ని అడిగాను. "కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు కదా అమ్మమ్మా" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

మా అల్లుడు అమెరికా ఆర్మీలో పనిచేస్తాడు. రెండు మూడేళ్లకోసారి బదిలీ. మా మనవడు పదో తరగతికి వచ్చేసరికి ఐదు స్కూళ్లు మారాడు. అక్కడ అదేమంత పెద్ద సంఖ్య కాదు. సైనిక కుటుంబాల పిల్లలు కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి పూర్తయ్యేలోగా ఆరు నుంచి తొమ్మిదిసార్లు ఊరు మారతారని అక్కడివాళ్లు లెక్క చెబుతారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీలోనూ జపాన్‌లోనూ ఉండిపోయిన సైనికుల దగ్గరికి భార్యాబిడ్డలు రావడం మొదలైంది. ఆ పిల్లల కోసం 1946లో స్కూళ్లు తెరిచారు. ఇప్పుడవి అమెరికా రక్షణ శాఖ కింద నడుస్తాయి, పొట్టిగా 'డోడియా' అంటారు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు, గ్వామ్, ప్యూర్టోరికో, ఇంకా 11 దేశాలు, అన్నీ కలిపి దాదాపు 160 స్కూళ్లు. మన దగ్గర 1963లో 20 రెజిమెంటల్ స్కూళ్లతో కేంద్రీయ విద్యాలయాలు మొదలైంది కూడా ఇలాంటి అవసరంతోనే. నాన్నకి జమ్మూ నుంచి సికింద్రాబాద్‌కి ట్రాన్స్‌ఫర్ అయితే పిల్లవాడి చదువు మధ్యలో తెగిపోకూడదని.

చదువు తెగకుండా చూడటం సిలబస్‌తో అవుతుంది. స్నేహం తెగకుండా చూడటానికి ఏ సిలబస్సూ లేదు. అక్కడే మన పని మొదలవుతుంది.

ముందు ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌ని టీవీలో చూస్తే మనకి తోపులాటలా అనిపిస్తుంది. నాకూ మొదటి మ్యాచ్‌లో ఏమీ అర్థం కాలేదు. కబడ్డీ నేర్పినవాళ్లకి మాత్రం రెండో మ్యాచ్‌కి దారి దొరుకుతుంది. అది నేల గెలుచుకునే ఆట. మైదానం 100 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు, ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకి జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు వస్తాయి, లేకపోతే బంతి అవతలివాళ్లది. చివరి గీత దాటిస్తే 6 పాయింట్లు. హైస్కూల్లో పన్నెండేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు.

చూసేవాళ్లకి బలం కనిపిస్తుంది. దగ్గరికెళ్లి కూర్చుంటే జ్ఞాపకశక్తి కనిపిస్తుంది. ప్రతి అవకాశానికీ ముందు పదకొండు మందీ గుండ్రంగా చేరతారు, ఒకడు రెండు మూడు మాటల్లో ఏదో చెబుతాడు, ఎవరి దారి వాళ్లకి ఆ మాటల్లోనే ఉంటుంది. ఒక్కడు తప్పు వైపు అడుగేస్తే మిగతా పదిమంది కష్టం నీళ్లపాలు. ఆ మాటలు కోచ్‌కో రకంగా ఉంటాయి. టెక్సస్‌లో ఒక పేరుతో నేర్చుకున్న ఎత్తుకి జపాన్‌లోని ఒకినావాలో ఇంకో పేరు, జర్మనీలో మరో పేరు. అంటే కొత్తగా వచ్చిన కుర్రాడికి ఆట వచ్చినా భాష రాదు. ఖోఖోలోనో వాలీబాల్‌లోనో నైపుణ్యం ఉన్న పిల్లని తెచ్చి జట్టులో వేస్తే మూడు రోజుల్లో కలిసిపోతుంది. ఇక్కడ అలా కాదు. స్థిరంగా ఉండని పిల్లలతో ఆడించడానికి ఇంతకంటే కష్టమైన ఆట ఉండదేమో. అయినా ఆడిస్తున్నారు. అది నాకు గొప్పగా తోచింది.

పిల్లలు చాలకపోతే? దానికీ దారి ఉంది. చిన్న స్కూళ్లకి తొమ్మిది మంది ఆట, ఆరుగురి ఆట ఉన్నాయి. ఆరుగురి ఆటని 1934లో నెబ్రాస్కాలో స్టీఫెన్ ఎప్లర్ అనే టీచర్ తయారుచేశాడు. ఊళ్లు చిన్నవి, రోజులు చెడ్డవి, పదకొండు మంది పిల్లలు దొరకని బళ్లు. ఆయన మైదానాన్ని 80 గజాలకి తగ్గించాడు, వెడల్పు 40 గజాలు. 10 గజాల బదులు 15 చేశాడు, ఆటగాళ్లు తక్కువైనప్పుడు ఖాళీ ఎక్కువ కాబట్టి. ఆరుగురిలో ఎవరైనా బంతి పట్టుకోవచ్చు. పదకొండు మంది ఆటలో లావుగా ఉన్న కుర్రాడు నాలుగేళ్లు ఆడినా బంతి ముట్టుకోకుండానే స్కూలు వదిలి వెళ్లిపోవచ్చు. ఆరుగురి ఆటలో వాడి చేతికీ బంతి వస్తుంది. తేడా 45 పాయింట్లకి చేరితే, సగం ఆట అయిపోయాక మ్యాచ్ అక్కడితో ఆపేస్తారు, ఓడేవాళ్లని ఇంకా నలగ్గొట్టకుండా. మన చిన్న ఊళ్ల స్కూళ్లలో "టీమ్‌కి సరిపడా పిల్లలు లేరు మేడమ్" అని మనం ఎన్నిసార్లు అని ఉంటాం? పిల్లలు సరిపోకపోతే ఆటనే పిల్లలకి సరిపెట్టాడు ఆ టీచర్.

ఇక దూరాలు. యూరప్‌లో ఈ జట్లు ఒక జిల్లాలోనో ఒక రాష్ట్రంలోనో ఉండవు. జర్మనీలో రామ్‌స్టైన్, కైజర్స్‌లౌటర్న్, వీస్‌బాడెన్, స్టుట్‌గార్ట్, ఫిల్సెక్. ఇటలీలో విచెంజా, అవియానో, నేపుల్స్. ఇంగ్లండ్‌లో లేకెన్‌హీత్. స్పెయిన్ దక్షిణపు కొసన రోటా. విచెంజా పిల్లలు కైజర్స్‌లౌటర్న్‌లో ఆడాలంటే ఆల్ప్స్ కొండలు దాటి దాదాపు 800 కిలోమీటర్లు. విశాఖపట్నంలో బస్సెక్కి తిరుపతి దాటి పోయినంత. అంత దూరం వెళ్లి 48 నిమిషాల ఆట ఆడి, మళ్లీ బస్సెక్కి సోమవారం పొద్దున క్లాసులో కూర్చోవాలి. ఇన్ని దేశాలు దాటి వెళ్లినా పిల్లలు చూసేది బస్సు కిటికీ, ఒక జిమ్, ఒక గ్రౌండ్. కైజర్స్‌లౌటర్న్‌లో కొండ మీద పెద్ద స్టేడియం ఉంది, ఫ్రిట్జ్ వాల్టర్ పేరు మీద. 1954లో జర్మనీకి సాకర్ ప్రపంచకప్ తెచ్చిన కెప్టెన్ ఆయన. ఆ ఊళ్లో ఫుట్‌బాల్ అంటే అదీ. కాస్త దూరంలో అమెరికన్ పిల్లలు ఇంకో ఫుట్‌బాల్ ఆడుతున్నారని ఆ ఊళ్లో ఎంతమంది గమనిస్తారో.

పసిఫిక్ వైపు ఇంకో తీరు. ఒకినావా దీవిలో రెండే అమెరికన్ హైస్కూళ్లు, కడేనా, కుబసాకి. మిగతా జట్ల దగ్గరికి పోవాలంటే విమానమే. అందుకని ఒకే సీజన్‌లో ఆ రెండూ పదేపదే తలపడతాయి. పక్కింటి పిల్లలే ప్రత్యర్థులు. పైగా సెప్టెంబరు, అక్టోబరు అంటే తుపాన్ల కాలం. మన కోస్తావాళ్లకి ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు, స్పోర్ట్స్ మీట్‌కి టెంట్లు వేశాక వాయుగుండం వార్త వస్తే ఎలా ఉంటుందో మనకి తెలుసు.

జపాన్‌లో యొకొసుక నౌకాస్థావరంలోని హైస్కూల్ పేరు నైల్ కిన్నిక్. ఆయన అయోవా యూనివర్సిటీ ఆటగాడు. 1939లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద బహుమతి హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. తర్వాత నేవీలో పైలట్‌గా చేరి, 1943 జూన్‌లో శిక్షణ విమానం సముద్రంలో కూలి చనిపోయాడు. అప్పటికి 24 ఏళ్లు. యుద్ధం అయ్యాక అమెరికన్ల ఏలుబడిలో ఉన్న రోజుల్లో టోక్యోలోని మెయిజీ మందిరం వెలుపలి తోటలో ఉన్న స్టేడియానికి కూడా ఆయన పేరే పెట్టుకున్నారు. తర్వాత దాన్ని తీసేసి ఆ స్థలంలో నేషనల్ స్టేడియం కట్టారు. 1958 ఏషియన్ గేమ్స్ అక్కడే జరిగాయి. మన మిల్ఖా సింగ్ 200 మీటర్లు, 400 మీటర్లు రెండింట్లో గోల్డ్ కొట్టింది ఆ గేమ్స్‌లోనే. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అటు ఒక సైనికుడి పేరు పెట్టుకున్న నేల మీద, ఇటు సైన్యంలో చేరాక పరుగు నేర్చుకున్న మనవాడు పరిగెత్తాడు.

ఈ స్కూళ్లకి ఇంకో కష్టం ఉంది. పిల్లలే కాదు, స్కూళ్లే వెళ్లిపోతాయి. 1946లో తెరిచిన హైడెల్‌బర్గ్ హైస్కూల్ 2013లో మూసేశారు. అంతకు ముందే 2011లో మన్‌హైమ్ మూతపడింది. 1959 నుంచి నడిచిన సియోల్ అమెరికన్ హైస్కూల్ 2019లో అయిపోయింది. సైన్యం నగరం వదిలి దక్షిణంగా క్యాంప్ హంఫ్రీస్‌కి తరలిపోయింది, దాని వెనకే పిల్లలూ వెళ్లారు. మనమైతే రిటైరయ్యాక కూడా చదివిన స్కూలుకి వెళ్లి ఆ వేపచెట్టు కింద నిలబడతాం. ఆ పిల్లలకి వెళ్లి నిలబడే చోటు కూడా ఉండదు.

ఇప్పుడు ఆ వారం సంగతికి వస్తాను. ప్లేఆఫ్స్‌కి ముందు వారం.

అక్కడ సీజన్ చిన్నది. సెప్టెంబరులో మొదలై నవంబరు తొలి రోజులకల్లా అయిపోతుంది. పిల్లల సంఖ్యను బట్టి స్కూళ్లని డివిజన్లుగా చేస్తారు. ప్లేఆఫ్స్ అంటే ఒకటో రెండో మ్యాచ్‌లు, అంతే. అందుకని లీగ్‌లో ఆఖరి మ్యాచ్ నాడు ఎవరు ఎవరితో, ఎవరి గ్రౌండ్‌లో అన్న లెక్కలతో ఊరంతా వేడెక్కుతుంది. గేటు దగ్గర గుర్తింపు చూపించి, నన్ను మా అమ్మాయి అతిథిగా రాయించి లోపలికి తీసుకెళ్లేది. గ్రౌండ్ పక్కన 10 గజాలు కొలిచే గొలుసు పట్టుకుని నిలబడినవాళ్లు పిల్లల నాన్నలే. కొందరు డ్యూటీ నుంచి నేరుగా యూనిఫాంలో వచ్చేవాళ్లు. బూస్టర్ క్లబ్ తల్లులు హాట్‌డాగ్‌లు, వేడివేడి చాక్లెట్ అమ్ముతారు, ఆ డబ్బు జట్టు ఖర్చులకి. మా అల్లుడు అప్పుడు పోలండ్‌లో ఉన్నాడు. మ్యాచ్‌ని ఎవరో ఫోన్‌లో లైవ్ పెడితే అక్కడి నుంచి చూసేవాడు. సిగ్నల్ పోయినప్పుడల్లా మా అమ్మాయికి మెసేజ్: "ఏమైంది?" ఆవిడ ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను ఫోన్ మీద.

బుధవారం ప్రాక్టీసు అయ్యాక కోచ్ పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. చలికి వాళ్ల తలల మీంచి ఆవిరి లేస్తోంది. గెలవాలి, పోరాడాలి అని ఏదో అంటాడనుకున్నాను. ఒక్క ప్రశ్న అడిగాడు. "పోయినేడు అక్టోబరులో ఈ గ్రౌండ్‌లో ఉన్నవాళ్లు చేతులెత్తండి." నేను లెక్కపెట్టాను. పదకొండు చేతులు. "వచ్చే అక్టోబరుకి ఇక్కడే ఉంటామని గట్టిగా చెప్పగలిగినవాళ్లు?" నాలుగు. చుట్టూ చూశాడు. "అయితే ఈ జట్టు ఇంకెప్పుడూ ఉండదు. ఇంకో వారమో రెండు వారాలో. మీ పక్కన కూర్చున్నవాడి పేరు తెలియనివాళ్లు ఇప్పుడే అడిగి తెలుసుకోండి" అన్నాడు.

ఆ మాట విని నాకు గొంతు పట్టేసింది. ఎందుకో మీకు చెప్పాలి. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక స్కూల్లో, నవంబరులో ఒక అమ్మాయి చేరింది. తొమ్మిదో తరగతి. నాన్న ఆర్మీలో హవల్దార్. సన్నగా, పొడుగ్గా ఉండేది, తెలుగు ఒక్క ముక్క రాదు. మొదటి రోజే నా దగ్గరికొచ్చి ఖోఖో ఆడతానంది. రీజినల్ మీట్‌కి మూడు వారాలుంది. నేను అప్పటికే పన్నెండు మంది లిస్టు పంపేశాను. "టీమ్ అయిపోయిందమ్మా, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాను. ఆ పిల్ల తలూపి వెళ్లిపోయింది. సాయంత్రాలు మేం ప్రాక్టీసు చేస్తుంటే గ్రౌండ్ అంచున సిమెంటు గట్టు మీద కూర్చుని చూసేది. రోజూ. నేను కనీసం పోల్ పక్కన నిలబెట్టి పరిగెత్తించలేదు. ఏప్రిల్‌లో వాళ్ల నాన్నకి ట్రాన్స్‌ఫర్. టీసీ తీసుకుని వెళ్లిపోయింది. వచ్చే ఏడాది అన్నది ఆ పిల్లకి ఉండదని నాకు తట్టలేదు. ఇరవై ఏళ్లు దాటింది. ఆ గట్టు ఇప్పటికీ నాకు కళ్ల ముందు కనిపిస్తుంది.

లిస్టు మార్చడానికి రూల్ ఒప్పుకోదు, నిజమే. అక్కడా రూల్స్ ఉన్నాయి. కొత్తగా వచ్చినవాడు డాక్టర్ సర్టిఫికెట్ ఇవ్వాలి, కొన్ని రోజుల ప్రాక్టీసు పూర్తి చెయ్యాలి. మొదట ఒట్టి హెల్మెట్‌తో, తర్వాత ప్యాడ్లతో, మెల్లగా. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వచ్చినా బయట కూర్చోబెట్టేస్తారు, డాక్టర్ సరేనంటే గాని మళ్లీ దింపరు. ఆ జాగ్రత్తలన్నీ చూశాక కూడా ఈ ఆట మీద నా భయం పోలేదు, మనవడు కింద పడ్డప్పుడల్లా నేను లేచి నిలబడేదాన్ని. నేను చెప్పేది రూల్ తీసెయ్యమని కాదు. ఆడించలేకపోయినా చేర్చుకోవచ్చు. ఆ రెండూ వేరని నాకు ఉద్యోగమంతా చేసి రిటైరయ్యాక తెలిసింది.

ఎలాగంటారా? అదే వారం మంగళవారం ఒక కుర్రాడు వచ్చాడు. అమెరికన్ సమోవా దీవుల కుటుంబం. విమానం దిగి నాలుగు రోజులైంది, ఇంట్లో సామాను ఇంకా రాలేదు. సీజన్ ముగియడానికి రెండు వారాలు. ఆడే అవకాశం లేదని కోచ్ వాడికి మొహం మీదే చెప్పాడు, ఆశ పెట్టలేదు. చెప్పి, వెంటనే ఒక హెల్మెట్ తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. టేపు తీసి పేరు అడిగాడు. పొడుగు పేరు, నోరు తిరగనిది. టేపు మీద రాయడం మొదలుపెడితే ముందు వైపు సరిపోక చెవి దాకా పోయింది. తుడిచి, ఇంకో ముక్క చింపి, చిన్న అక్షరాలతో మళ్లీ రాశాడు. పక్కనున్న కుర్రాడొకడు "మొదటి రెండు అక్షరాలు చాలు కోచ్" అన్నాడు. కోచ్ తల అడ్డంగా ఊపి, పూర్తి పేరూ రాసి అంటించాడు. మన ఇంటిపేర్లు విదేశాల్లో ఎన్ని ముక్కలవుతాయో తెలిసినదాన్ని కదా, నాకు ఆయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

ఆ శనివారం ఆఖరి లీగ్ మ్యాచ్. ఆ పిల్లవాడు జట్టు జెర్సీ వేసుకుని నీళ్ల సీసాలు పట్టుకుని గీత పక్కన అటూ ఇటూ పరిగెత్తాడు. మూడో క్వార్టర్లో మావాళ్ల లైన్‌లో ఒకడు ప్రతిసారీ ఒకేలా మోసపోతుంటే, వీడు సీసా అందిస్తూ వాడి చెవిలో ఏదో చెప్పాడు. తర్వాత మనవణ్ని అడిగితే తెలిసింది: "ఎదుటివాడు ఎడమకి వెళ్లే ముందు కుడికాలు వెనక్కి వేస్తున్నాడు, చూసుకో." దాంతోనే గెలిచామని చెప్పను. ఆ మాట విన్న కుర్రాడు మాత్రం ఆ తర్వాత మోసపోలేదు. మ్యాచ్ గెలిచి సెమీఫైనల్‌కి వెళ్లాం, అవతలివాళ్ల గ్రౌండ్‌లో.

బస్సు గురువారం రాత్రి. నేను మధ్యాహ్నం నుంచి పులిహోర కలుపుతూ కూర్చున్నాను. ప్రయాణానికి పాడవని అన్నం అదొక్కటే కదా. చింతపండు మా ఊరి నుంచి తెచ్చుకున్నదే. మా అమ్మాయి "ఎవరు తింటారమ్మా" అంది. ముప్పై డబ్బాలు సర్ది స్కూలు ముందుకి తీసుకెళ్లాం. పొగమంచు, బస్సు ఇంజిన్ శబ్దం, తలగడలు చంకలో పెట్టుకున్న పిల్లలు. కోచ్ బస్సు మెట్టు మీద నిలబడి టార్చి వెలుగులో లిస్టు చదువుతున్నాడు. పేరు పిలిచినవాడు డబ్బా అందుకుని ఎక్కుతున్నాడు. మా మనవడు ఎక్కాడు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. లిస్టులో ఆఖరున చేత్తో రాసిన పేరు ఒకటి ఉంది. కోచ్ ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, ఆ పొడుగు పేరుని ఒక్క అక్షరం మింగకుండా మొత్తం చదివాడు.

"హియర్, కోచ్" అన్నాడు ఆ పిల్లవాడు. నేను వాడి చేతిలో పులిహోర డబ్బా పెట్టాను.